ఎల్లైయమ్మన్ గుడి ముందు కచేరీ

చెన్నై బీసెంట్ నగర్ చుట్టుపక్కల పెద్ద పేర్లకు కొదవ లేదు. ఉత్తరాన అడయారులో దివ్యజ్ఞాన సమాజం. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన కర్నల్ ఆల్కాట్ 1894లో పంచమ పిల్లల కోసం ఉచిత పాఠశాల పెట్టాడు. దక్షిణాన తిరువాన్మియూరులో, 1936లో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించిన కళాక్షేత్ర. ఈ రెంటి నడుమ సముద్రం ఒడ్డున ఉన్న జాలరిపేట ఊరూర్ ఆల్కాట్ కుప్పం. అమ్మవారి కొలువులకు ఆటపాటలు అక్కడా ఉన్నవే. సంగీత సభల్లో పాడేవాళ్లు మాత్రం ఆ ఇసుకలో కాలుపెట్టడానికి 2015 దాకా పట్టింది.

ఆ ఏడు గాయకుడు టి.ఎం.కృష్ణ, పర్యావరణ ఉద్యమకారుడు నిత్యానంద్ జయరామన్, కుప్పం వాసులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి కుప్పంలోని ఎల్లైయమ్మన్ గుడి దగ్గర విళా (ఉత్సవం) మొదలుపెట్టారు. టికెట్టు లేదు, ముందు వరస కుర్చీల హోదా లేదు. అయినా ఉచితం కావడం అంత పెద్ద విశేషమేమీ కాదని నా అభిప్రాయం. మార్గళి (ధనుర్మాసం) సంగీతోత్సవాల్లో చాలా సభల్లో పగటి కచేరీలకు డబ్బు అడగరు. టికెట్టొక్కటే అడ్డమైతే జాలర్లు ఎప్పుడో మైలాపూరు సభలకు వెళ్లి కూర్చునేవారు. ఇక్కడ మారింది చోటు. పట్టుచీరల వాళ్లు వలలు దాటుకుంటూ కుప్పంలోకి రావాల్సి వచ్చింది. ఎవరి ఇంటికి ఎవరు చుట్టమన్నదే అసలు సంగతి.

‘మత్స్యకారులకు శాస్త్రీయ సంగీతం నేర్పి ఉద్ధరిస్తారా?’ అన్న ఎత్తిపొడుపు రానే వచ్చింది. ఒక్క కర్ణాటక సంగీతమే వినిపించి ఉంటే ఆ మాట నిలిచేది. కానీ అదే విళాలో భరతనాట్యంతో పాటు పరై వాద్యం, విల్లుపాట, కూత్తు (వీధి నాటకం) సాగాయి. కర్ణాటక కచేరీ అంటే సాహిత్యం చాలావరకు మన తెలుగే. త్యాగరాజస్వామి భాషకు తమిళ జాలరిపేట ఆతిథ్యం ఇవ్వడం మనకు ముచ్చటే గాని, మన డప్పుకు దగ్గరి చుట్టమైన పరై దానికి సరిసమానంగా నిలవడం అంతకన్నా పెద్ద ముచ్చట. చావు వాద్యమని వెలివాడలోనే ఉంచేసిన వాద్యమది. ఆ తర్వాత విళా కుప్పం దాటి, ‘చెన్నై కలై తెరు విళా’ అనే పేరుతో నగరంలోని ఇతర చోట్లకూ పాకింది.

2016లో కృష్ణకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది 2020లో వచ్చిన ఆయన పుస్తకం ‘సెబాస్టియన్ అండ్ సన్స్’. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు కావాలి. వాటిని ఎంచి, సాపుచేసి, బిగించి నాదం పలికించేవాళ్లలో చాలామంది దళితులు. వేదిక మీది మృదంగానికీ వీధిలోని పరైకీ మధ్య దూరం తోలులో లేదని ఆ పుస్తకం ఇంటింటి కథలతో చూపింది. దాని ఆవిష్కరణకు మొదట అనుమతించిన కళాక్షేత్ర, తర్వాత రాజకీయ ఛాయలున్నాయంటూ తన సభామందిరాన్ని ఇవ్వలేనంది. చివరికి ఆవిష్కరణ సభ ఆసియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరిగింది.