మహేంద్రగిరి ఎవరి మిల్కియత్?

మబ్బుల్లేని రోజున పలాస నుంచి ఉత్తరానికి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. దాని నీళ్లు మోసుకొచ్చే మహేంద్రతనయ మాత్రం మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మందస వైపు నుంచి నడిచి ఎక్కినవాళ్లకు పైనుంచి ఉద్దానం తోటలు, వాటి వెనక సముద్రం కనిపిస్తాయి.

ఈ కొండ మీద చాలా హుకూమత్‌ల కన్ను పడింది. ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగులు ఈ శిఖరం మీది గోకర్ణస్వామి పేరునే తమ రాగి శాసనాల్లో ముందు చెప్పుకున్నారు. 11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుడి ఫౌజు విమలాదిత్యుణ్ణి ఓడించి, పైన విజయస్తంభం నాటింది. ఆ సంగతి చెప్పే శాసనం, పక్కన పులి, చేపల గుర్తులు కొండ మీదే ఉన్నాయి. వీళ్లు కనీసం కొండెక్కి రాశారు.

ఎక్కకుండా రాసినవాళ్లూ ఉన్నారు. వాటిలో రెండు రాతలు ఇలాహాబాద్‌వే. మొదటిది అక్కడి ఖిల్లాలోని స్తంభం మీద, 4వ శతాబ్దపు సముద్రగుప్తుడి ప్రశస్తి. అందులోని ‘మహేంద్రగిరి’ కొండ పేరా, రాజు పేరులో ముక్కా అని తారీఖ్ రాసేవాళ్ల మధ్య బహస్ ఇంకా తెగలేదు. రెండోది 1765 నాటి ఫర్మానా. అప్పుడు ఇలాహాబాద్‌లో కంపెనీ పనాహ్‌లో ఉన్న షా ఆలం బాద్షా, చికాకోల్‌తో సహా ఉత్తర సర్కారులను ఆ కంపెనీకే రాసిచ్చాడు. అంతకుముందు 1753లో సలాబత్ జంగ్ వీటినే ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1766లో నిజాం అలీ ఖాన్ కూడా కంపెనీతో ఒప్పందానికి దస్తఖత్ పెట్టాడు. టెక్కలి, మందస రైతులను ఎవరూ అడగలేదు.

శాసనాల కొండ వాళ్లదనీ, చికాకోల్ సర్కార్, 1640లలో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామా మసీదు మనవనీ పిల్లలకు తారీఖ్‌ను ముక్కలు చేసి పంచొద్దు. మన పేరున్న బాద్షా ఈ ఇలాఖాను ధారపోశాడు. చోళుడి ఫౌజు దీన్నే కొట్టి గెలిచింది. ఏ హుకూమత్‌నైనా దాని రాజు మజహబ్ చూసి కాదు, కొండ కింద రైతుకు ఏం చేసిందో చూసి తూయమని నేర్పుదాం. ఈసారి పలాస వెళ్తే పిల్లలకు ఆ కొండను చూపించి, ఇదంతా ఒకే కిస్సాగా చెప్పండి.