సభ ఎక్కడ? ఎప్పుడు? (6వ భాగం): ఓపెన్ సోర్స్ సభల కథ



పోయిన భాగంలో 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభ గురించి రాశాను. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించిన సభ. మనవాళ్లు ఊళ్లోకి వస్తున్నారని కొండ మీద కనకదుర్గ గుడి మూడు రోజులు మూసేసిన సంగతి చదివి ఒక ఇంజనీరింగ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అది నూరేళ్ల కిందటి మాట. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ సభలకు ఎవరూ తలుపులు మూయట్లేదు కదా? ఓపెన్ సోర్స్ అంటేనే అందరిదీ కదా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. తలుపు మూయనక్కర్లేదు తమ్ముడూ, తేదీ, హాలు చాలు. ఎవరినో అనే ముందు నా తప్పు చెప్పుకుంటాను.

కొన్నేళ్ల కింద మన పిల్లల కోసం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ మీటింగ్ పెట్టాం. హాలు నేనే చూశాను. ఐటీ కంపెనీలుండే వైపు ఒకాయన ఉచితంగా ఇస్తానన్నాడు. ఏసీ, ప్రొజెక్టర్, మంచి ఇంటర్నెట్. శనివారం సాయంత్రం అయిదింటికి అన్నాను. పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. పిల్లలకు ఆసక్తి లేదని ఆ రాత్రి విసుక్కున్నాను కూడా. తర్వాత ఒక చెల్లి చెప్పింది: "అన్నా, మా హాస్టల్ గేటు ఏడింటికి మూస్తారు. నా రూట్ పాస్ అటువైపు పనికిరాదు. ఆటోకి అడగడానికి ఇంట్లో డబ్బుల్లేవు." గేటు మీద రావద్దని నేను రాయలేదు. అయినా ఆమెను రానివ్వనిది నేనే. అప్పటినుంచి ఎక్కడ సభ జరిగినా ముందు ఈ రెండే చూస్తాను: ఏ హాలు, ఏ తేదీ.

ఓపెన్ సోర్స్ లోకానికి ఈ పాఠం గట్టిగా తగిలింది 2001లో. దిమిత్రీ స్క్ల్యారోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ అమెరికాలోని లాస్ వెగాస్‌లో డెఫ్‌కాన్ సభకు వెళ్లి, అడోబీ ఈ-పుస్తకాల తాళాల గురించి మాట్లాడాడు. సభ ముగిసిన మర్నాడు, జులై 16న, ఇంటికి బయలుదేరుతుంటే అరెస్టు చేశారు. ఆయన రష్యాలో కూర్చుని చేసిన పని అమెరికా చట్టం కింద నేరమన్నారు. లినక్స్ కెర్నెల్ పనిలో పెద్ద పేరున్న బ్రిటిష్ ప్రోగ్రామర్ అలన్ కాక్స్ వెంటనే యూసెనిక్స్ సంస్థ జరిపే లినక్స్ సభ కమిటీ నుంచి తప్పుకున్నాడు. విదేశీ ప్రోగ్రామర్లకు అమెరికా ప్రమాదమని, సభలు బయట పెట్టాలని అన్నాడు. స్క్ల్యారోవ్ మీద కేసు ఆ డిసెంబరులో వదిలేశారు. ఆయన కంపెనీ మరుసటి ఏడాది డిసెంబరులో నిర్దోషిగా బయటపడింది. అయినా ఒక మాట తేలిపోయింది. సభ ఏ నేల మీద పెడితే ఆ నేల చట్టం వచ్చినవాళ్ల మెడ మీద ఉంటుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఇంకో దారి మొదలైంది. ఇప్పుడు ఫోస్‌డెమ్ అని పిలిచే సభ అది. హోటలు తీసుకోలేదు. యూనివర్సిటీ క్లాస్‌రూములు శని, ఆదివారాల్లో ఖాళీగా ఉంటాయి, అవే తీసుకున్నారు. టికెట్ లేదు, పేరు నమోదు లేదు. తిన్నగా వెళ్లి బెంచీ మీద కూర్చోవడమే. ఇప్పుడు ఏటా 8 వేల మందికి పైగా వస్తారు. గది నిండితే తలుపు మీద 'నిండింది' అని కాగితం పెడతారు, ఎంత పేరున్నవాడైనా బయటే నిలబడాలి. నాకు నచ్చిన పద్ధతి ఇది. కానీ మనకో చిక్కుంది. మన ఊరి పిల్లకు గేటు బ్రస్సెల్స్‌లో ఉండదు, వీసా ఆఫీసులో ఉంటుంది.

తేదీ సంగతికి ఆస్ట్రేలియా చూడండి. అక్కడి లినక్స్ సభ జనవరిలో జరిగేది. ఎందుకంటే వాళ్లకది ఎండాకాలం, యూనివర్సిటీలకు సెలవులు, హాస్టల్ గదులు ఖాళీ. ఏటా ఊరు మార్చేవాళ్లు. 2011లో బ్రిస్బేన్ వంతు వచ్చింది. సభకు రెండు వారాల ముందు నది పొంగి ఊరు మునిగింది. నిర్వాహకులు నది ఒడ్డు క్యాంపస్ వదిలేసి, అదే యూనివర్సిటీకి చెందిన ఇంకో క్యాంపస్‌కు మొత్తం మార్చి సభ జరిపారు. అక్కడ ఎండాకాలమే వానాకాలం కూడా. సెలవులు చూసుకోవడం ఎంత ముఖ్యమో, ఆకాశం చూసుకోవడం అంత ముఖ్యం.

ఇక డెబియన్. ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద ప్రోగ్రామర్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. వాళ్ల సభ డెబ్‌కాన్ 2000లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైంది. సభ కావాలన్న ఊరివాళ్లు ముందు బిడ్ వేయాలి. హాలు, పడక, తిండి, ఇంటర్నెట్, ప్రయాణం ఖర్చు, వీసా సంగతి అన్నీ రాయాలి. డబ్బులేనివాళ్లకు తిండి, బస, ప్రయాణ సాయం అడిగే వీలుంది. ఇంత పద్ధతిగా నడిపేవాళ్ల సభ దక్షిణ అమెరికాకు 2004లో చేరింది, బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె‌కి. ఆఫ్రికాకు, కేప్‌టౌన్‌కు, 2016లో వచ్చింది. ఆసియాకు 2018లో, తైవాన్‌లోని సిన్‌చూకి. మన దేశానికి 2023 సెప్టెంబరులో, కొచ్చికి. అంటే ఆసియా నేల తొక్కడానికి 18 ఏళ్లు పట్టింది. ఎవరో కుట్ర చేశారని కాదు. బిడ్ వేయాలంటే ముందు కొన్ని సభలు చూసి ఉండాలి, కమిటీలో నలుగురు తెలిసి ఉండాలి. చూడటానికి వెళ్లలేనివాడు పిలవలేడు. తేదీ కూడా ఎక్కువసార్లు జులై, ఆగస్టుల్లోనే. యూరప్‌కు వేసవి సెలవులు, మన పిల్లలకు తరగతులు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీలో మొదలై, రెండుసార్లు హైదరాబాదు వచ్చింది. 2018 అక్టోబరులో హైటెక్ సిటీ దగ్గరి హెచ్‌ఐసీసీలో జరిగింది. అప్పటికి హైటెక్ సిటీకి మెట్రో రాలేదు, అది వచ్చింది 2019 మార్చిలో. రెండోసారి 2023లో, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో. అక్కడ కాలేజీ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. ఎల్‌బీ నగర్‌లో ఎక్కినవాళ్లు మారకుండా దిగొచ్చు. తేదీలు సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 2. ముందురోజే గణేశ్ నిమజ్జనం. ఒక్కరోజు ముందుకు జరిపి ఉంటే ఊరు దాటి ఎవరు రాగలిగేవాళ్లు? చివరి రోజు గాంధీ జయంతి సెలవు. సభ అదే, భాష అదే. కానీ ప్రభుత్వ యూనివర్సిటీ గేటు దాటడానికి మన పిల్లలు సందేహించరు. కన్వెన్షన్ సెంటర్ గేటు దగ్గర చెప్పులు చూసుకుంటారు. నేనూ చూసుకున్నాను.

తమ్ముడు అడిగినదానికి ఇదే నా జవాబు. కోడ్‌కు లైసెన్స్ ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చని అందులో రాసి ఉంటుంది. సభకు అలాంటి కాగితం లేదు. హాలు, తేదీ ఖాయం చేసే నలుగురే దాని లైసెన్స్ రాస్తారు. కాబట్టి ఈసారి మీ కాలేజీలో సభ అన్నప్పుడు, మాట్లాడే అవకాశం తర్వాత అడగండి. ముందు హాలు చూసే పని అడిగి తీసుకోండి. చివరి బస్సు ఎన్నింటికి? హాస్టల్ గేటు ఎప్పుడు మూస్తారు? సెమిస్టర్ పరీక్షలు, బ్యాక్‌లాగ్‌లు ఏ వారం? పగలు పనికెళ్లేవాళ్లకు ఆదివారం కుదురుతుందా? మెట్లెక్కలేనివాళ్ల సంగతేంటి? తిండి ఎవరు పెడతారు? ఇవన్నీ అడిగాకే తేదీ రాయండి.

మేం రెండోసారి మీటింగ్ ప్రభుత్వ కాలేజీ గదిలో పెట్టాం. ఆదివారం, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. ఏసీ లేదు, ప్రొజెక్టర్ రెండుసార్లు ఆగిపోయింది. ఆ చెల్లి వచ్చింది, ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఈ ఏడాది హాలు చూసే పని ఆమెదే.

జై భీమ్.