ఎర్ర బస్సుకు ఏ మెరుపు?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అనగానే సుదర్శన్, దేవి, సంధ్య, సప్తగిరి హాళ్లు, వాటి ముందు నిలువెత్తు కటౌట్లు కళ్ల ముందు మెదులుతాయి. ఆ కూడలికి పేరిచ్చిన సంస్థ మాత్రం పక్కనే, ముషీరాబాద్ బస్‌భవన్‌లో ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకి పోయే కుర్రాళ్లు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు రోజూ ఆ దారినే నడుస్తారు. నిజాం కాలంలో రోడ్డెక్కిన ఒక ఆల్బియన్ బస్సును ఆర్టీసీ ఈ బస్‌భవన్‌లో జ్ఞాపకంగా దాచుకుంది. దాని పేరు డెక్కన్ క్వీన్, రంగు ఎరుపు.

ఆ ఎరుపును ఎలా కాపాడుకోవాలి, ఎలా నిగారింపజేయాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ దానికి జవాబు చెప్పాలంటే బస్సుల చరిత్రతో పాటు రంగుల చరిత్ర కూడా తిరగేయాలి.

1930లో హైదరాబాద్ సంస్థానపు రైల్వేను కంపెనీ చేతుల్లోంచి నిజాం ప్రభుత్వం తీసుకుంది. రెండేళ్లకే ఆ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ పుట్టింది. 1932 జూన్ 15న 27 బస్సులు, 166 మంది సిబ్బంది, 3.93 లక్షల రూపాయల పెట్టుబడితో ప్రయాణం మొదలైంది. బస్సులు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరపు ఆల్బియన్ సంస్థవి. 1899లో మొదలైన ఆ కంపెనీ బండ్ల రేడియేటర్ మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఉండేది. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం గుర్తుగా బస్సు నంబర్లలో ‘జెడ్’ అక్షరం పెట్టించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేటికీ ఆర్టీసీ బస్సుల నంబర్లలో ఆ జెడ్ కనిపిస్తూనే ఉంది. 1951 నవంబర్‌లో ఈ శాఖ రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది.

బస్సుకు ఎరుపు ఎందుకన్నది ఊహించడం కష్టం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ వీధుల్లో ఎన్నో కంపెనీల బస్సులు పోటీపడుతుంటే, తమ బండి దూరం నుంచే కంటబడాలని లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ ఎరుపును ఎంచుకుంది. బొంబాయి బస్సులూ ఎరుపే. మన దగ్గర ఎర్ర బస్సు పల్లెలకు ఎంతగా అల్లుకుపోయిందంటే, పట్నానికి కొత్తగా వచ్చిన వాణ్ని ‘ఎర్ర బస్సెక్కి వచ్చావా’ అని ఆటపట్టించే దాకా పోయింది. నా మట్టుకు అది గౌరవమైన మాట. ఈ నగరంలో చదువుకుని పైకొచ్చిన వాళ్లలో చాలామందిని ఇక్కడికి చేర్చింది ఆ బస్సే.

అయితే ఎండకు అన్నిటికంటే ముందు ఓడిపోయే రంగుల్లో ఎరుపు ఒకటి. ఎర్రటి వర్ణకం నీలం, ఆకుపచ్చ కాంతులను మింగేసి, ఎరుపును మాత్రమే మన కంటికి పంపుతుంది. మింగేది ఎక్కువ శక్తి ఉన్న కాంతి. దానికి అతినీలలోహిత కిరణాలు తోడై ఏళ్ల తరబడి పనిచేస్తే వర్ణకపు అణువులు తెగిపోతాయి, వాటిని పట్టి ఉంచే జిగురు కూడా పొడిబారుతుంది. అందుకే పాత ఎర్ర బండి పైకప్పు లేత గులాబీలోకి తిరుగుతుంది, వేలితో రాస్తే పొడి అంటుతుంది. అన్ని ఎరుపులూ ఇలా ఓడిపోవు. ఇనుప తుప్పు జాతికి చెందిన జేగురు రంగు శతాబ్దాలకు కూడా చెక్కుచెదరదు. రైల్వే గూడ్స్ వ్యాగన్లకు ఆ రంగు వేయడానికి అదొక కారణం. కానీ జేగురులో కాంతి లేదు, అది మట్టి ఎరుపు. నిగనిగలాడే ఎరుపు కావాలంటే పాత రోజుల్లో ఎక్కువగా ఎండకు నిలవని రంగులతోనే సర్దుకోవాల్సి వచ్చేది.

ఈ లోటు తీరిన తీరు చిత్రమైనది. 1974లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డొనాల్డ్ ఫార్నమ్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే పదార్థమేదో తయారుచేయబోతే, అనుకోకుండా దేనిలోనూ సులువుగా కరగని మెరిసే ఎర్ర పొడి మిగిలింది. దాని విలువ స్విట్జర్లాండ్‌లోని సిబా-గైగీ కంపెనీకి అర్థమైంది. 1980లలో అది కార్ల రంగుల్లోకి వచ్చింది. ఫెరారీ ఎరుపు అని పేరుపడినది ఈ కుటుంబపు రంగే. అంటే ఎండలో ఏళ్లు నిలిచే ఈ మెరుపు ఎరుపు వచ్చేసరికి, ఆల్బియన్ బస్సులు రోడ్డెక్కి అర్ధ శతాబ్దం దాటింది.

మెరుపు తేవడంలో తెలుగువాళ్లకు ఇంతకంటే చాలా పాత అనుభవం ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, గిరగిరా తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆ తర్వాత చేసే పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మొగలి ఆకుతో అదిమి రుద్దుతారు. అంతే, మసకగా ఉన్న రంగు ఒక్కసారి లోతుగా, తడిసినట్టుగా వెలుగుతుంది. ఆకు కొత్తగా రంగేమీ వేయదు. పైన ఉన్న సన్నని ఎగుడుదిగుడులను సాపు చేస్తుంది.

రహస్యమంతా అక్కడే ఉంది. గరుకు ఉపరితలం మీద పడిన తెల్ల కాంతి అన్ని దిక్కులకూ చెదురుతుంది. ఆ తెలుపు కింది ఎరుపుతో కలిసి మన కంటికి పాలిపోయిన రంగుగా అందుతుంది. ఉపరితలం నునుపైతే పైకాంతి ఒకే దిక్కుకు పోతుంది, మనం చూసే దిక్కుకు అచ్చమైన ఎరుపే వస్తుంది. వాన పడ్డప్పుడు పాత బస్సు కొత్తదిలా కనిపించడానికీ ఇదే కారణం. కాబట్టి ఎరుపుకు లోతు తెచ్చేది ముందు శుభ్రత, తర్వాత నునుపు, చివర్న మైనం. డబ్బా మీది బొమ్మను చూసి వ్యాక్స్ కొనేవాళ్లు ఈ వరసను తలకిందులు చేస్తారు.

మన గ్యారేజీల్లో ఒకప్పుడు ఇంతకంటే సులువైన పద్ధతి నడిచేది, ఇప్పటికీ లారీల దగ్గర చూడొచ్చు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో బాడీ అంతా తుడుస్తారు, కొందరు కిరోసిన్ వాడతారు. నూనె సందుల్లో చేరి పగుళ్లను నింపుతుంది కనుక రంగు వెంటనే చిక్కబడుతుంది. పండగ పూట ఊరేగింపుకు అది చాలు. కానీ సాయంత్రానికల్లా ఆ జిడ్డు మీద రోడ్డు దుమ్మంతా అంటుకుంటుంది. మర్నాడు దాన్ని పొడి గుడ్డతో దులిపితే ఆ దుమ్మే గరుకు కాగితమై రంగును గీస్తుంది. పైగా డీజిల్ రబ్బరును ఉబ్బిస్తుంది, రంగు జిగురును మెత్తబరుస్తుంది. క్లీనర్ కుర్రాడిని తప్పుపట్టలేం. నూనె తగిలితే ఎరుపు చిక్కబడుతుందన్న అతని గమనిక నిజం, ఎంచుకున్న నూనే తప్పు.

ఇప్పుడు అసలు ఎంపిక. మీ ఇంటి ముందు ఎర్ర కారో, పాత స్కూటరో, జీపో ఉందనుకోండి. ముందుగా తెల్ల నూలుగుడ్డ మీద కొద్దిగా పాలిష్ వేసి, బయటికి కనిపించని మూల రుద్ది చూడండి. గుడ్డకు ఎరుపు అంటితే అది పాత తరహా ఒకే పొర రంగు, వర్ణకం నేరుగా పైనే ఉంది. గుడ్డ కేవలం మురికైతే పైన క్లియర్ కోటు అనే రంగులేని పొర ఉంది, మీ చెయ్యి ఎరుపును తాకనే లేదు. ఈ రెండు రంగులకూ ఒకే మందు వేస్తే ఎక్కడో ఒకచోట దెబ్బతింటుంది.

పాత ఒకే పొర ఎనామెల్ ఎండిపోయి ఉంటుంది. దానికి మొదట కావాల్సింది రాపిడి కాదు, నూనె. గ్లేజ్ అని అమ్మే, రాపిడి పొడి లేని నూనె పాలిష్‌ను ధారాళంగా పట్టించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మెత్తటి గుడ్డతో తుడవాలి. అవసరమైతే మళ్లీ చేయాలి. ఎండిన రంగు ఆ నూనెను పీల్చుకుని చిక్కబడటం కంటికి తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మసక మిగిలితేనే అతి సన్నని పాలిష్, అదీ చేత్తోనే. షెడ్డులో రబ్బింగ్ కాంపౌండ్, తిరిగే మిషన్ తీసుకుని గబగబా కానిచ్చేస్తారు. గంటలో అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ గుడ్డకు అంటిన ఎరుపంతా బండి మీద ఉండాల్సిన ఎరుపు. అంచుల దగ్గర, గీతలు తేలిన చోట రంగు పల్చగా ఉంటుంది. రెండు మూడు పండగలకు కింది ప్రైమర్ బయటపడుతుంది.

క్లియర్ కోటుకు నూనె పెద్దగా పనికిరాదు, అది పీల్చుకోదు. ఆ పొర మందం సాధారణంగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంత సన్నని పొరను అరగదీసేటప్పుడు పొదుపు కావాలి. క్లే బార్ అని అమ్మే మట్టి కడ్డీతో అంటుకున్న ధూళిని లాగేసి, సన్నని పాలిష్‌తో గీతలు తగ్గించి, పైన రక్షణ పూత వేస్తే చాలు.

ఆ రక్షణ ఏది? కార్నాబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. నీటి కరువున్న ఆ నేలలో ఆకు తన తేమను కాపాడుకోవడానికి దాన్ని చెమరుస్తుంది. మొక్కల మైనాల్లో చాలా గట్టిది, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తేనెపట్టు మైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం నారాయణగూడలో ఆరుబయట నిలిపిన కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ తేడా ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఎరుపు మీద కార్నాబా వెచ్చని తడి మెరుపు ఇస్తుందని బండి ప్రియులు ప్రాణం పెడతారు. ఆ మాటలో కొంత ప్రేమ, కొంత నిజం ఉన్నాయి. కింద నునుపు చేయకుండా పూస్తే ఎంత ఖరీదైన కార్నాబా అయినా ఒక్క ఛాయ కూడా పెంచదు. పైగా మన ఎండకు కొన్ని వారాలే నిలుస్తుంది. పాలిమర్ సీలెంట్లు నెలల తరబడి ఉంటాయి. రోజూ ఎండలో నిలిచే బండికి సీలెంట్ వేసి, పెళ్లికో పండక్కో దాని మీద కార్నాబా రాయడం మంచిదని నా అభిప్రాయం. ఎర్ర రంగు కలిపిన వ్యాక్స్ డబ్బాలు కూడా దొరుకుతాయి. అవి గీతలను కొన్నాళ్లు కప్పిపెడతాయి, వాడిపోయిన ఎరుపును తిరిగి తేలేవు. షోరూంలో మెరిపించే సిలికాన్ స్ప్రేలతో ఇంకో చిక్కుంది. రేపు ఆ భాగానికి రంగు వేయాల్సి వస్తే, మిగిలిన సిలికాన్ మీద కొత్త రంగు పట్టక గుంటలు గుంటలుగా చీలుతుంది.

దసరా ఆయుధపూజ మాటా చెప్పాలి. డిపోల్లోనూ, వీధుల్లోనూ బండ్లకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, పూలదండలు ఆ రోజు తప్పవు. బొట్టు పెట్టడం మానమని ఎవరూ అనరు. పూజకు రెండు రోజుల ముందే వ్యాక్స్ పూత వేసి ఉంటే కుంకుమ రంగులోకి దిగదు. సాయంత్రానికి తడి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. నిమ్మరసం చిందితే మాత్రం అప్పుడే కడగాలి. కడగడానికి బోరు నీళ్లయితే ఎండలో ఆరనివ్వొద్దు. ఆ నీళ్లలోని సున్నపు లవణాలు ఎర్ర రంగు మీద తెల్ల మచ్చలై కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇక డెక్కన్ క్వీన్ లాంటి చారిత్రక వాహనాల సంగతి. వీటికి మిషన్ పాలిష్ అసలు వద్దు. నీడ, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం లేదా తెర, ఏడాదికి ఒకటి రెండుసార్లు చేత్తో పూసే పల్చని మైనం సరిపోతాయి. పాత బండి మళ్లీ రంగు వేయించుకునే ప్రతిసారీ మనం ఒక పేజీ చింపేస్తున్నాం. మ్యూజియంలలో రంగు పనివాళ్లు ఒక చిన్న పద్ధతి పాటిస్తారు. సీటు కింద, తలుపు మడత లోపల, ఇంజిన్ మూత వెనుక ఎవరూ చూడని చోట బొటనవేలి గోరంత మేర తడిపి వాడే సన్నని గరుకు కాగితంతో ఏటవాలుగా అరగదీస్తారు. ఒకదాని కింద ఒకటిగా పొరలన్నీ వలయాలై బయటపడతాయి. ఏ కాలంలో ఏ ఎరుపు వేశారో, దాని కింద ఇంకేదైనా రంగు ఉండేదో అక్కడ చదువుకోవచ్చు. మన సంస్థల దగ్గర మిగిలిన ప్రతి పాత బస్సుకూ, ఫైరింజన్‌కూ, జీపుకూ తర్వాతి రంగు డబ్బా తెరవకముందే ఈ పరీక్ష జరగాలి. ఆ చిన్న కిటికీకి ఫొటో తీసి, రంగు కొలిచి రాసి పెట్టి, దాని మీద కొత్త రంగు పడకుండా టేపు అంటించి వదిలేయాలి.