తాబేలు బడికి వచ్చిన కథ

కంప్యూటరు విద్య యనగానే కళాశాల విద్యార్థియే మన తలపునకు వచ్చును. పసిపిల్లలకు దానితో నేమి పని యని పెద్దలు చిరకాలము తలచిరి. చరిత్రను పరిశీలింపగా విషయము వేరుగా కనబడును. బాలల కొరకు ప్రత్యేకముగా రూపొందిన తొలి కంప్యూటరు భాషలలో మిక్కిలి ప్రసిద్ధమైనది, మన ప్రాథమికోన్నత పాఠశాలలలో చదువు పిల్లల వయస్సు వారి నడుమనే మొదట పరీక్షకు నిలిచినది.

ఆ భాష పేరు లోగో. 1967లో అమెరికా దేశపు మాసచూసెట్స్ రాష్ట్రమున, కేంబ్రిడ్జి నగరములోని ఒక పరిశోధన సంస్థలో వాలీ ఫ్యూర్‌జీగ్, సైమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ ప్రభృతులు దానిని నిర్మించిరి. పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలో జన్మించిన గణిత శాస్త్రవేత్త. 1958 మొదలు 1963 వరకు జెనీవాలో జాఁ పియాజే చెంత పనిచేసెను. పిల్లవాడు ఖాళీ కుండ కాడు, తన జ్ఞానమును తానే కట్టుకొనును అను పియాజే భావము పాపర్ట్ మనస్సున గాఢముగా నాటుకొన్నది.

1968-69లో సమీపమునగల లెక్సింగ్టన్ పట్టణపు బడిలో ఏడవ తరగతి పిల్లలకు లోగో సాయముతో గణితము బోధించిరి. ఆ బడిలోనే చిత్రలేఖనపు గది ప్రక్కగా పోవుచు పాపర్ట్ ఒక దృశ్యము చూచెను. పిల్లలు సబ్బు బిళ్లలను చెక్కి బొమ్మలు చేయుచున్నారు. ఎవరి బొమ్మ వారిదే. ఒక్కనాటితో ముగియు పని కాదు. వారముల తరబడి చెక్కుదురు, తమలో తాము ముచ్చటించుకొందురు, చెడిన చోట మరల దిద్దుకొందురు. లెక్కల తరగతి ఇట్లేల యుండరాదని ఆయనకు తోచెను.

తొలినాళ్ల లోగోలో బొమ్మలు లేవు. మాటలతోను అంకెలతోను ఆటలాడుట మాత్రమే. కొలది కాలమునకే తాబేలు వచ్చెను. మొదట అది నేలమీద చక్రములపై తిరుగు చిన్న యంత్రము. కడుపు క్రింద కలము. ముందునకు నూరడుగులు పొమ్మన్న పోవును, కుడికి తొంబది డిగ్రీలు తిరుగుమన్న తిరుగును. ఈ జంట ఆజ్ఞను నాలుగు మారులు చెప్పిన చతురస్రము సిద్ధము. తరువాత నిదే తాబేలు తెరమీదికి ఎక్కినది.

అసలు చదువు త్రిభుజముకడ మొదలగును. సమబాహు త్రిభుజములో ఒక్కొక్క కోణము అరువది డిగ్రీలని పుస్తకములో చదివిన పిల్లవాడు తాబేలును అరువది డిగ్రీలే తిప్పును. త్రిభుజము రాదు, గీత మూసికొనక వెలుపలికి పోవును. పిల్లవాడు తానే తాబేలై గదిలో నడచి చూచును. అప్పుడు, తిరుగవలసినది లోపలి కోణము కాదు, నూట యిరువది డిగ్రీల వెలుపలి మలుపు అని తెలియును. బయలుదేరిన చోటికి వచ్చి, మొదట చూచిన దిక్కుననే మరల నిలుచునప్పటికి మొత్తము మలుపు మూడు వందల అరువది డిగ్రీలు కావలెనను సూత్రము అతని కాళ్లకే అందును. ఇచట తప్పునకు శిక్ష లేదు. తప్పు ఎచట నున్నదో వెదకుటయే పాఠము.

వాకిట ముగ్గు పెట్టు మన ఆడపిల్లలకు ఈ విద్య కొత్తది కాదనవచ్చును. చుక్కల చుట్టు తిరిగి, మొదలైన చోటనే కలియు మెలికల ముగ్గు తాబేలు నడకకు దగ్గరి చుట్టమే. 1974లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు తమిళదేశపు ముగ్గులను కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణములతో వివరించి చూపిరి. ఆ సంగతి మన పాఠ్యపుస్తకములకు ఎక్కకపోవుట విచారకరము.

బ్రిటనులో 1981 డిసెంబరున బి.బి.సి. మైక్రో అను యంత్రము వెలువడి బడులను చేరెను. భారత ప్రభుత్వము 1984-85లో, విద్యా, ఎలక్ట్రానిక్స్ శాఖల చేతుల మీదుగా క్లాస్ అను పథకమును ప్రారంభించి, ఆ యంత్రములనే సుమారు 250 పాఠశాలలకు పంపెను. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేటి సామాన్యపు సెల్ ఫోనులో దిగు ఒక్క ఛాయాచిత్రము కూడ దానిలో పట్టదు. అయినను తాబేలుకు అది చాలును. లోపము యంత్రములో లేదు. పథకము ఉన్నత, మాధ్యమిక పాఠశాలలకే ఉద్దేశింపబడినది. సబ్బు బొమ్మలు చెక్కు వయస్సు పిల్లలు దాని వెలుపలనే మిగిలిరి.

భాష మరియొక అడ్డు. మీటలపై ఆంగ్లాక్షరములే. భారతీయ లిపులకు ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికను 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖయే నిర్ణయించెను. 1991లో భారతీయ లిపి ప్రమాణము ఇస్కీ వెలువడెను. ఆ సంవత్సరమే యూనికోడు తొలి ప్రతిలో తెలుగునకు స్థానము లభించెను. దస్త్రములతో జీవితము గడుపువారికి ఇట్టి నిర్ణయముల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కాని అక్షరము యంత్రములోనికి వచ్చినంతమాత్రమున పాఠము వచ్చినట్లు కాదు.

1999లో ఢిల్లీలోని కాల్కాజీ ప్రాంతమున సుగత మిత్ర ఒక గోడకు కన్నము చేసి కంప్యూటరు నమర్చెను. బస్తీ పిల్లలు ఎవరును నేర్పకయే దానిని నడపసాగిరి. దానినిబట్టి గురువే అక్కరలేదన్నవారు తొందరపడిరి. మీట నొక్కుట పిల్లలు తామే నేర్తురు. త్రిభుజము ఎందుకు మూసికొనలేదని అడుగువాడొకడు ప్రక్కన నుండవలెను గదా!

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలకు కోడింగును ప్రతిపాదించెను. లెక్సింగ్టన్ పిల్లలకును ఆ మాటకును నడుమ అర్ధ శతాబ్దము గడచినది. 2023-24 నాటి ప్రభుత్వ గణాంకముల ప్రకారము దేశములోని పాఠశాలలలో పనిచేయు కంప్యూటరు గలవి సుమారు 57 శాతము. యంత్రమున్న చోటనైనను, మౌసు బొమ్మ గీచి భాగముల పేర్లు వ్రాయుటతో, కంప్యూటరును కనుగొన్నవారెవరను ప్రశ్నకు జవాబు వల్లించుటతో సంవత్సరము ముగియుట కలదు. వంటచెరకు పేర్లు వల్లించి వంట వచ్చినదనుకొనుట వంటిదే యిది.

పాపర్ట్ 2016లో మరణించెను. తాబేలు మాత్రము బ్రదికియే యున్నది. నేడు విరివిగా వాడబడు పైథాన్ భాషలో అదే పేరుతో, అవే ఆజ్ఞలతో, ఉచితముగా దొరకును. పాత కంప్యూటరొక్కటి యున్నను చాలును. త్రిభుజము గీయుమని అడిగినచో పిల్లవాడు నేటికిని మొదట అరువది అనియే వ్రాయును.