తెరనుంచి తెరకు



తెలుగులో 'తెర' అనే మాటకు రెండర్థాలున్నవి. ఒకటి నాటకశాలలో కట్టే తెర. రెండవది నీటిలో లేచే అల. ముప్పై యేళ్ళకు పైబడిన ఉపాధ్యాయ వృత్తిలో పిల్లలచేత నానార్థాలు వ్రాయించినప్పుడల్లా ఈ రెంటినీ పక్కపక్కనే వ్రాయించాను గాని, ఎప్పటికైనా ఇవి రెండూ ఒకేచోట పనికి వస్తవని ఊహించలేదు. ఒకనాటి సాయంకాలం మా శామీర్‌పేట ఇంట్లో మనుమడు తన సెల్‌ఫోనులోని బొమ్మను గోడమీది టీవీలోకి పంపినప్పుడు ఆ సందర్భం వచ్చింది. నడుమ తీగ లేదు. చేతిలోని తెర కంటికి కనిపించని తెరలమీద తేలిపోయి గోడమీది తెరయింది.

ఈ పనిని ఆంగ్లంలో 'మిర్రరింగు' అంటారట. టీవీలో ఆ మాటే ఉన్నది. పండితుడికి వెంటనే 'ప్రతిబింబనం' వంటి సమాసం తోచడం సహజం. కాని మన జాతీయంలో 'అద్దం పట్టడం' అనే చక్కని మాట ఎప్పటినుంచో ఉన్నది. దేవుడికి జరిపే ఉపచారాలలో దర్పణం చూపడం ఒకటి. సంస్కృతంలో అద్దానికి 'ఆదర్శము' అని కూడా పేరు. మనం నేడు వాడే ఆదర్శానికి మూలమదే. కనుక అద్దం పట్టడం చిన్న పనేమీ కాదు. ఈ అద్దం మన వద్దకు ఎట్లా వచ్చిందో, రావడానికి ముందు మన ప్రాంతంలోనే ఏమేమి జరిగిందో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

చిన్న బొమ్మను పెద్ద తెరమీద పదిమందికి చూపించాలన్న కోరిక కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో తెల్లని పంచె వెనుక దీపం, దీపానికీ పంచెకూ నడుమ రంగులద్దిన తోలుబొమ్మ, ఇవతల ఊరంతా. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీలు వ్రాసే పటం ఇంకొక మార్గం. కథకుడు చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ ఒక్కొక్క దృశ్యం చూపి కులపురాణం చెబుతాడు. ఐరోపాలో 17వ శతాబ్దంలో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త గాజుపలక మీది బొమ్మను దీపంతో గోడమీద వేసే లాంతరు చేశాడు. 1910 ప్రాంతంలో మన రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించి, డేరాలు వేసి, ఊరూరా బొమ్మలు చూపించారు. వీటన్నిటిలో సమానమైనదొకటి ఉన్నది. బొమ్మ ఉన్నచోటికీ తెర ఉన్నచోటికీ దూరం నాలుగు మూరలు. మనుషులు మాత్రం చాలామంది.

ఆ దూరం నాలుగు మూరలనుంచి ఒక్కసారిగా 36 వేల కిలోమీటర్లయిన ఘట్టం మన కళ్ళెదుటనే జరిగింది. అదే 1975 నాటి 'సైట్' ప్రయోగం. ఉపగ్రహం ద్వారా టెలివిజన్ బోధన. విక్రమ్ సారాభాయి చొరవతో 1969లోనే అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒడంబడిక కుదిరింది. ఆయన 1971 డిసెంబరులో కాలధర్మం చెందారు, ఫలితాన్ని చూడలేదు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భూమధ్యరేఖ మీదుగా మన దేశానికి కనబడే చోటికి జరిపి, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక ఏడాదిపాటు మనకు ఎరువిచ్చారు. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలు అందుకు ఎంపికయినవి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. కార్యక్రమాలు తయారుచేయడానికి నెలకొల్పిన మూడు కేంద్రాలలో ఒకటి హైదరాబాదులో ఉండేది. తక్కిన రెండూ ఢిల్లీ, కటక్. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వనిని జతచేసి పంపే సౌకర్యం కూడా ఆ ఉపగ్రహంలో ఉన్నది.

ఇక మన గడ్డకు సంబంధించిన విషయం. ఆ గ్రామాలకు వెళ్ళిన టీవీ పెట్టెలను తయారుచేసినది ఈసీఐఎల్. 1967లో ఏర్పడిన ఆ సంస్థ ఉన్నచోటు నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. 2016లో ఈ జిల్లా ఏర్పడక పూర్వం అది రంగారెడ్డి జిల్లా. 1978కి పూర్వం హైదరాబాదు జిల్లా. సంస్థకు ఆద్యులు అయ్యగారి సాంబశివరావుగారు, ఏ.ఎస్.రావు నగర్ అన్న పేరు వారిదే. మా వైపునుంచి నగరానికి వెళ్ళే వారిలో ఎంతమందికి తెలుసునో గాని, దేశంలో వేల పల్లెలు మొదటిసారి టీవీ చూసిన పెట్టె కుషాయిగూడ చెంత పుట్టింది.

మా మేనమామగారి ఊరు ఆ గ్రామాలలో ఒకటి. అప్పుడు నేను ఉన్నత పాఠశాల విద్యార్థిని. పాఠశాల ఆవరణలో పదడుగుల వెడల్పు గిన్నె ఒకటి ఆకాశంవైపు నోరు తెరచుకొని ఉండేది. అది కోళ్ళగూటికి వాడే ఇనుపవలతో చేసినది. అంత సామాన్యమైన వస్తువు అంత దూరపు మాటను పట్టుకోగలదంటే పెద్దలకు నమ్మకం కుదరలేదు. ఒక ముసలాయన దాని నీడలో నిలబడి పైకి చూస్తూ, మాట ఎక్కడినుంచి రాలుతున్నదో అని వెతికేవాడు. పొద్దు వాలగానే పెట్టె తలుపులు తెరచేవారు. ముందు పిల్లలు, వెనుక ఆడవాళ్ళు, గోడవారగా మగవాళ్ళు. పశువుల జబ్బుల గురించీ, ఎరువుల గురించీ చెబుతున్నప్పుడు జనం లేచిపోయేవారు కారు. ఆ చెప్పేవాడితో వాదించేవారు. నాకు బాగా గుర్తున్నది ఆ వాదనే. బొమ్మలో ఏమున్నదో చాలావరకు మరచిపోయాను.

ఏడాది గడిచింది. ఉపగ్రహాన్ని తిరిగి వారివైపు జరుపుకొని తీసుకొనిపోయారు. చాలా ఊళ్ళలో పెట్టె మూగపోయింది. గిన్నె కొన్నాళ్ళు నోరు తెరచుకొని అట్లాగే ఉన్నది. తరువాత ఎవరింటి పాదుకో పందిరయింది. హైదరాబాదు పరిసరాలు మాత్రం అదృష్టం చేసుకున్నవి. సైట్ గ్రామాలలో కొన్నింటికైనా కార్యక్రమాలు ఆగకూడదని 1977లో దేశంలో ఆరుచోట్ల భూతల ప్రసార కేంద్రాలు పెట్టారు. వాటిలో హైదరాబాదు ఒకటి. మన సొంత ఉపగ్రహం ఇన్సాట్-1బి 1983లో పైకి వెళ్ళింది. అటుపిమ్మట కథ అందరూ ఎరిగినదే. 1987లో ఆదివారాలు రామాయణం వస్తుంటే టీవీ ఉన్న ఇల్లు ఊరందరి ఇల్లయింది. పిదప ఇంటికొక టీవీ, ఆపైన గదికొక టీవీ, 2016 తరువాత డేటా చవకయ్యాక చేతికొక ఫోను. బొమ్మ దగ్గరయిన కొద్దీ పక్కన కూర్చునేవారు తగ్గిపోయారు.

ఇప్పుడు మళ్ళీ ఆ చేతిలోని బొమ్మ గోడమీదికి వెళ్ళడమెట్లాగో చూద్దాం. వైఫైకి మూలమైన ప్రమాణం 1997లో వచ్చింది. మన దేశంలో ఆ తరంగశ్రేణిని, అంటే 2.4 గిగాహెర్ట్జును, 2005లో లైసెన్సు అక్కరలేకుండా అందరికీ విడిచిపెట్టారు. 1980ల నడుమ వరకు రేడియో వినడానికి సైతం తపాలా కార్యాలయంలో రుసుము కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకున్న తరం మాది. గాలిలోని ఒక దారిని ప్రభుత్వం ఉచితంగా వదలిపెట్టడం ఎంత పెద్ద మార్పో మాకు తెలుసు. 2010లో రెండు పరికరాలు మూడవదాని సాయం లేకుండా నేరుగా మాట్లాడుకొనే వైఫై డైరెక్టు వచ్చింది. ఆ ఏడే యాపిల్ వారి ఎయిర్‌ప్లే వచ్చింది. మరుసటి ఏడు అది తెర మొత్తానికీ అద్దం పట్టసాగింది. 2012 సెప్టెంబరులో వైఫై కూటమివారు అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా మిరాకాస్ట్ అనే పద్ధతిని ప్రకటించారు. 2013లో గూగుల్ వారు క్రోమ్‌కాస్ట్ తెచ్చారు.

ఇందులో రెండు మార్గాలున్నవి. వాటి భేదం తెలియకపోవడం వల్లనే చాలామంది తికమకపడతారు. మొదటిది నిజంగా అద్దం పట్టడం. పూర్వం పురాణ కాలక్షేపంలో ఒకరు శ్లోకం చదువుతూ ఉంటే పక్కన ఇంకొకరు అందుకొని అర్థం చెప్పేవారు. చదివేవాడు ఆగితే చెప్పేవాడూ ఆగాలి. మిరాకాస్ట్ ఇటువంటిది. ఫోను తన తెరను సెకనుకు ముప్పై అరవై సార్లు బొమ్మ తీసి, మునుపటి బొమ్మకూ దీనికీ తేడా ఉన్నంతమేరకే వ్రాసుకొని, కుదించి పంపుతుంది. టీవీ దానిని విప్పి చూపుతుంది. అందుకే మాట ఒక క్షణం వెనుకబడుతుంది, ఫోను వేడెక్కుతుంది, ఛార్జింగు తరిగిపోతుంది. రెండవది క్యాస్టింగు. ఇందులో ఫోను బొమ్మను మోయదు. 'ఫలానా గ్రంథం ఫలానా చోట ఉన్నది, నీవే తెచ్చుకొని చదువు' అని టీవీకి చిరునామా చెప్పి తప్పుకుంటుంది. టీవీ అంతర్జాలం నుంచి తానే తెచ్చుకుంటుంది. ఆపైన ఫోనును జేబులో వేసుకోవచ్చు.

మొదటి మార్గంలో ఫోనులో కనిపించేదంతా కనిపిస్తుంది. రెండవ మార్గంలో చూపదలచినదే కనిపిస్తుంది. ఈ భేదం నాకు పుస్తకంలో తెలియలేదు.

2020లో బళ్ళు మూతపడ్డవి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. సైట్ ముగిసిన 44 ఏళ్ళకు మళ్ళీ ఆకాశంనుంచి పాఠం! మా వీధిలో ఒక కుటుంబం ఉండేది. తండ్రి ఒక మందుల కర్మాగారంలో కాపలా ఉద్యోగి. ఇద్దరు ఆడపిల్లలు, ఒక పిల్లవాడు. ముగ్గురికీ కలిపి తండ్రి వద్ద ఉన్న ఫోను ఒక్కటే. వారింటి టీవీ పాడైపోయి ఉన్నది. తప్పిపోయిన పాఠాలు అంతర్జాలంలో దొరుకుతవి గాని, తండ్రి సాయంత్రం ఇల్లు చేరేదాకా ఫోను లేదు. చేరిన తరువాత ఐదంగుళాల తెర మీద మూడు తలలు. నేనే పిలిచాను. కిటికీలు తెరచి, ఎడంగా చాపలు వేసి, ఆయన ఫోనుకు మా టీవీలో అద్దం పట్టించాను. ఏడవ తరగతి పెద్దపిల్ల గణితం చూస్తుంటే చిన్నవాళ్ళు కూడా నోరు తెరచుకొని చూసేవారు. నేను నడుమ ఆపి అడిగేవాణ్ణి. వాళ్ళు వాదించేవారు. నాకు మేనమామగారి ఊరు జ్ఞాపకం వచ్చేది.

మూడవ నాడో నాలుగవ నాడో, భిన్నాల పాఠం నడుస్తున్నది. తెర పైఅంచున ఒక సందేశం జారి దిగింది. ఒక అప్పుల కంపెనీ పంపినది. రెండు వాయిదాలు మీరినవనీ, ఇంటికి మనిషిని పంపుతామనీ. నలభై మూడంగుళాల తెర మీద, ఆయన పేరుతో సహా. పెద్దపిల్ల గట్టిగా చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. ఆయన లేచి, నావైపు చూడకుండా, "సారూ, జర ఫోన్ ఇటియ్యుండ్రి" అన్నాడు. అంతే. మరునాడు పిల్లలు రాలేదు.

రెండు రోజులు ఆగి నేనే వారింటికి వెళ్ళాను. అప్పు సంగతి ఎత్తలేదు. "తప్పు నాది. అద్దం పట్టేముందు ఏమి చూపకూడదో ఫోనుకు చెప్పాలి. నేను చెప్పలేదు" అన్నాను. కల్పించి అన్న మాట కాదు, నిజమే. సందేశాలను ఆపే మీట ఉన్నది, నాకు తెలియదు. అప్పటినుంచి నా ఫోనునుంచే, క్యాస్టింగు మార్గంలో, పాఠం ఒక్కటే వెళ్ళేటట్టు ఏర్పాటు చేశాను. పిల్లలు మళ్ళీ వచ్చారు. ఆయన మాత్రం గుమ్మం దాటి లోపలికి రావడానికి చాలా రోజులు పట్టింది. పెద్దపిల్ల ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నది.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ ఆరవ సంచికతో గూగుల్ తన సొంత ఫోన్లనుంచి మిరాకాస్ట్‌ను తొలగించింది. 2024లో క్రోమ్‌కాస్ట్ తయారీని సైతం ఆపింది. కొన్ని సినిమా సంస్థల యాప్‌లకు అద్దం పట్టబోతే హక్కుల తాళం అడ్డుపడి టీవీ నల్లబడుతుంది. ఫోనూ మనదే, టీవీ మనదే, నడుమ దారి మాత్రం ఎవరిదో. ఇనుపవల గిన్నె మనదై, పెట్టె కుషాయిగూడదై, ఉపగ్రహం మాత్రం పరులదైన 1976 జులై నాటి సంగతి ఇట్లాంటప్పుడు గుర్తుకు వస్తుంది. ఆనాడు ఎరువు సొమ్మని మనకు ముందే చెప్పారు. ఈనాడు ఎవరూ చెప్పరు.

అయినా ఎరువు ఏడాదిలో పల్లెలు నేర్చినది వృథా కాలేదు; హైదరాబాదు కేంద్రం ఆ ఏడాదికి పుట్టిన బిడ్డే. మా హాలులో ఆ సాయంకాలాలు సాగింది కొన్ని నెలలే అయినా, భిన్నాలు ఆ పిల్లకు వచ్చినవి. దర్పణం దేవుడికి చూపేటప్పుడు ముందుగా తుడుస్తాము. మనిషికి పట్టేటప్పుడు ముందు ఏమి మరుగుపరచాలో చూసుకోవాలి. ఇది నేను అరవయ్యవ యేట నేర్చుకున్న పాఠం.

'మిర్రరింగు'కు 'అద్దం పట్టడం' అన్నాను. మరి 'క్యాస్టింగు'కు ఏమందాము? 'విసరడం' నాకు నచ్చలేదు. మీకు తోచిన మాట చెప్పండి.