వంటింటి కత్తి ఎంపిక: ఉక్కు, పిడి, పదును విషయంలో గమనించవలసినవి

ధర్మాబాద్, ఉమ్రి స్టేషన్ల నడుమ రైలు మార్గంపై ఉన్న కర్ఖేలి వంటి గ్రామాలలో వంటిల్లు రెండు భాషలు మాట్లాడుతుంది. తెలుగువారి కత్తిపీట పక్కింటి మరాఠీవారికి విళీ. మన పుంటికూర వారికి అంబాడీ. మాట ఏదైనా పని ఒక్కటే. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, కూర తరిగి, జొన్న రొట్టెలు కాల్చి, పొలానికి బయలుదేరవలసిన ఇల్లాలికి కత్తి తెగకపోతే ఆ పూట పనంతా ఆలస్యమవుతుంది. ఆలస్యం కన్నా పెద్ద కష్టం మరొకటి ఉంది. మొద్దుబారిన కత్తిని బలంగా అదిమి కోయవలసి రావడంతో అది కాయపై నుండి జారి వేలిని కోస్తుంది. పదునైన కత్తి తక్కువ బలంతో తెగుతుంది కనుక చేతి అదుపులో ఉంటుంది. పదునైన కత్తి ప్రమాదమనీ, మొద్దు కత్తి క్షేమమనీ అనుకోవడం పొరపాటు.

అయినా గిన్నెలు, పళ్లెములు కొనేటప్పుడు చూపే శ్రద్ధ చాలా ఇళ్లలో కత్తి విషయంలో కనిపించదు. సంతలో చవకగా దొరికినది కొని, రెండు నెలలకు అది తెగడం మానివేస్తే మరొకటి కొంటారు. మంచి కత్తి ఒక్కటి సరిగా వాడుకుంటే పదేళ్లు దాటి పనిచేస్తుంది. దానిని గుర్తించడానికి తెలియవలసిన విషయాలు కొన్ని మాత్రమే.

ఉక్కుకు పేరుపడిన నేల

కత్తి గురించి చెప్పుకొనేటప్పుడు ఈ ప్రాంతపు చరిత్రను విస్మరించలేము. గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఒకప్పుడు ఉక్కుకు దూరదేశాలలో పేరు పొందింది. ఇక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో ఉంచి, గాలి చొరకుండా మూసి, కొలిమిలో కరగించి ఉక్కు ముద్దలను తయారుచేసేవారు. ఆ ముద్దల కోసం పారశీక వర్తకులు స్వయంగా వచ్చేవారని, భారత త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాసిపెట్టాడు. ఆయన వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పశ్చిమాసియాలో డమాస్కస్ ఖడ్గాలుగా ప్రసిద్ధికెక్కిన ఆయుధాలకు ఇటువంటి దక్షిణ భారత ఉక్కే ముడిసరుకు.

ఐరోపావారు ఈ ఉక్కును వూట్జ్ అన్నారు. ఆ మాట దక్షిణ భారతంలోని ఉక్కు అనే పదం నుండే వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్, 1819లో మైకేల్ ఫారడే ఇంగ్లండులో దీనిని పరిశీలించి పరిశోధనా వ్యాసాలు ప్రకటించారు. 1956 వరకు నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాలన్నీ హైదరాబాదు రాష్ట్రంలోనివే. సరిహద్దు గీత తరువాత వచ్చింది; ఉక్కు తెలిసిన పనివారు అంతకు ఎంతో ముందు నుండి ఉన్నారు.

నేడు మార్కెట్లో, ఇంటర్‌నెట్ దుకాణాలలో డమాస్కస్ కత్తి పేరిట అలలవంటి గీతలున్న కత్తులు అధిక ధరలకు అమ్ముతున్నారు. వీటిలో మంచివి రెండు మూడు రకాల ఉక్కు పొరలను కలిపి సాగగొట్టి చేసినవి. ఇవి పాత మూస ఉక్కు కావు. మరికొన్నింటిలో గీతలు పైపైన ఆమ్లంతోనో, లేజర్‌తోనో వేసినవి మాత్రమే. గీతలు పదునుకు హామీ కావు. ఆ పేరు చూసి ఈ ప్రాంతపు వారు అధిక ధర చెల్లించడమంటే, కమ్మరి వీధిలో సూదులు అమ్మినవాని వద్ద కొన్నట్లే.

ఇనుము, ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు

కత్తికి ప్రాణం ఉక్కులోని కర్బనం. కర్బనం సుమారు 0.25 శాతానికి లోపున్న మెత్తని ఇనుము ఎంత నూరినా పదును నిలుపుకోదు. గేట్లకు, కిటికీ చువ్వలకు వాడేది ఇదే. ఇంటి కత్తులకు వాడే కర్బన ఉక్కులో సాధారణంగా 0.6 నుండి 1 శాతం వరకు కర్బనం ఉంటుంది. దీనిని ఎర్రగా కాచి నీటిలోనో, నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వదిలివేస్తే గాజువలె పెళుసుగా ఉంటుంది కనుక, తిరిగి స్వల్పంగా కాచి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. ఈ రెండు మెట్లూ సరిగా జరిగినప్పుడే మంచి కత్తి తయారవుతుంది.

కర్బన ఉక్కు చక్కగా పదునెక్కుతుంది, ఇంటిలోనే నూరుకోవచ్చు. కాని తడి తగిలితే తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మకాయ, ఉల్లి, పుంటికూర తగిలితే నల్లబడుతుంది. వాడుతుండగా ఏర్పడే ఆ బూడిదరంగు పొర హానికరం కాదు. పైగా తుప్పును కొంతవరకు ఆపుతుంది. ఎర్రని తుప్పు మాత్రం తొలగించుకోవలసినదే.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. తుప్పు సులువుగా పట్టదు. అయితే స్టెయిన్‌లెస్ అన్నదంతా ఒకటి కాదు. గిన్నెలు, పళ్లెములు చేసే స్టీలు వేరు, కత్తులు చేసే స్టీలు వేరు. గిన్నెల స్టీలు కాచి ముంచినా గట్టిపడదు. దానితో చేసిన కత్తి మెరుస్తుందే గాని తెగదు. దీనిని గుర్తించడానికి ఒక అయస్కాంతం చాలు. కత్తి స్టీలు అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది, గిన్నెల స్టీలు దాదాపు అంటుకోదు. అంటుకోని స్టీలు కత్తిని కొనకపోవడమే మంచిది. అయితే మెత్తని ఇనుము కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. కనుక అంటుకున్నంత మాత్రాన కత్తి మేలైనదని తేల్చరాదు.

గట్టిదనాన్ని కంపెనీలు రాక్‌వెల్ అంకెలలో తెలుపుతాయి. సాధారణ ఇంటి కత్తులు 52 నుండి 58 వరకు ఉంటాయి. 60కి మించిన జపాను తరహా కత్తులు చాలాకాలం పదును నిలుపుతాయి, కాని ఎముకకో, ఎండు కొబ్బరి చిప్పకో తగిలితే అంచు పెచ్చులూడుతుంది. పల్లె వంటింటికి 54 నుండి 58 మధ్య ఉన్నది చాలు. తెల్లని సిరామిక్ కత్తులు పండ్లకు బాగుంటాయి గాని, కింద పడితే విరుగుతాయి. ఇంటివద్ద మామూలు సానరాయితో నూరడం కూడా సాధ్యం కాదు.

ఏ పనికి ఏ కత్తి

పది కత్తుల సెట్టు ఏ ఇంటికీ అవసరం లేదు. పెళ్లి కానుకగా ఇచ్చే పెట్టెలలోని కత్తులలో సగానికి పైగా ఎన్నడూ వాడుకలోకి రావు. ఆ సొమ్ముతో మంచి కత్తులు రెండు కొనవచ్చు.

కూరగాయలకు: 6 నుండి 8 అంగుళాల పొడవు, వెడల్పైన ఆకు గల కత్తి. ఉల్లి, క్యాబేజి, ఆకుకూరలు, మిరపకాయలు అన్నింటికీ ఇదే ఆధారం.

చిన్న పనులకు: 3 నుండి 4 అంగుళాల చాకు. తొక్క తీయడం, తొడిమలు తీయడం వంటి వాటికి ఉపయోగపడుతుంది.

టొమాటో, బ్రెడ్డుకు: పళ్లున్న చిన్న కత్తి. తప్పనిసరి కాదు. మామూలు కత్తి పదునుగా ఉంటే టొమాటో దానితోనే తెగుతుంది.

మాంసం, గోదావరి చేపలకు: ఎముక కొట్టడానికి బరువైన, మందమైన కత్తి వేరుగా ఉండాలి. పలుచని కూరగాయల కత్తితో ఎముక కొట్టరాదు.

ఆవకాయ రోజులలో టెంకతో సహా మామిడికాయ కొట్టడానికి పలుచని చాకు పనికిరాదు. దానికి బల్లకు బిగించిన బరువైన కత్తి కావాలి. సంతలో కూలికి కొట్టించుకోవడమే చాలామందికి సుఖం.

కత్తిపీటను పాతబడినదని త్రోసివేయనవసరం లేదు. ఆకు కదలదు, రెండు చేతులూ కాయను పట్టుకోవడానికి వీలుంటుంది. ఎక్కువ మొత్తంలో తరగడానికి, చేప కోయడానికి ఇది అనువైనది. కొన్ని తెలుగు ప్రాంతాలలో దీనినే ఈలపీట అంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కింద కూర్చోలేరు కనుక వారికి బల్లపై కత్తి మేలు. పీట కొనేటప్పుడు నేలపై ఊగకుండా నిలుస్తున్నదా, ఆకు మడత వద్ద వదులు లేదా అన్నది చూడాలి. మడిచిపెట్టే వీలున్న పీట పిల్లలున్న ఇంటికి తగినది.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

1. కత్తిని కంటి ఎదుట నిలువుగా పట్టి మొన వైపు చూడాలి. అంచు వంకర లేకుండా ఒకే గీతగా కనిపించాలి.

2. ఆకు ఉక్కు పిడి చివరి వరకు ఉన్నదా చూడాలి. పిడిలోనికి ఒక అంగుళం మాత్రమే దూర్చిన కత్తి కొంతకాలానికి ఊడుతుంది. రెండు చెక్కల నడుమ ఉక్కు కనిపిస్తూ, కనీసం రెండు మూడు రివిట్లు ఉన్నది నమ్మదగినది.

3. పిడికీ ఆకుకూ నడుమ సందు ఉండరాదు. అక్కడ తడి, కూర ముక్కలు చేరి కుళ్లుతాయి, తుప్పు మొదలవుతుంది.

4. పిడి వాడేవారి చేతికి సరిపోవాలి. ఇంటిలో కూర తరిగేది ఎవరో వారే పట్టి చూడాలి. తడి చేతికి జారే నున్నని పిడి మంచిది కాదు.

5. ఒక వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో పట్టి కోసి చూడాలి. చిరగకుండా తెగితే పదును సరిగా ఉన్నట్లు. ఎక్కడైనా ఆగితే ఆ చోట అంచు దెబ్బతిన్నట్లు.

కమ్మరి వద్ద చేయించుకొనేవారికి

సరిహద్దు గ్రామాలలో కమ్మరి కొలిమి పూర్తిగా ఆరిపోలేదు. మరాఠ్వాడాలో ఊరూరా తిరిగి ఇనుప పనిముట్లు చేసే ఘిసాడీలు కూడా ఉన్నారు. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే ఆ చేతులే వంటింటి కత్తినీ చేయగలవు. ధర తక్కువ, చేతికి తగిన కొలత వస్తుంది, విరిగితే బాగుచేయించుకోవచ్చు.

ఇక్కడ ముఖ్యమైనది ముడి ఇనుము ఎంపిక. పాత లారీ, జీపు కమాను పట్టీల ఉక్కులో సుమారు 0.5 నుండి 0.6 శాతం కర్బనం ఉంటుంది. అది గట్టిపడుతుంది, దెబ్బకు తట్టుకుంటుంది. కొత్త ఇనుప పట్టీ మెరుపు చూసి మోసపోరాదు. అది తరచుగా మెత్తని ఇనుమే. పని పూర్తయిన తరువాత ఆకురాయిని అంచుపై తేలికగా గీసి చూడాలి. ఆకురాయి జారిపోతే అంచు గట్టిగా ఉన్నట్లు. సులువుగా కొరికి పొడి రాల్చితే అది గట్టిపడలేదని అర్థం. అప్పుడే మళ్లీ కాచి ముంచమని అడగవచ్చు.

పదును పెట్టడం

ఎంత మంచి కత్తి అయినా పదును పోక తప్పదు. సాన చక్రంపై అతిగా నూరితే నిప్పురవ్వలతో పాటు అంచు వేడెక్కుతుంది. కర్బన ఉక్కు అంచు నీలి రంగుకు తిరిగితే వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ చేరినట్లు. అక్కడ ఉక్కు మెత్తబడి, ఆ భాగం మళ్లీ పదును నిలుపదు. సాన పట్టేవారిని మధ్య మధ్య నీటిలో ముంచమని చెప్పాలి.

ఇంటిలో తడి సానరాయి మేలు. రాయిని తడిపి, కత్తిని ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీల వాలుతో, రెండు వైపులా సమానంగా నూరాలి. 1000 అంకె గల రాయి ఇంటి పనికి సరిపోతుంది. రాయి లేని వేళ పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని గరుకు అంచుపై నూరినా తాత్కాలికంగా పని జరుగుతుంది.

సంరక్షణ, భద్రత

కోయడానికి చెక్క పలక లేదా ప్లాస్టిక్ పలక వాడాలి. నాపరాయి, స్టీలు పళ్లెం, గాజు మీద కోస్తే ఒక్క వారంలో అంచు మొద్దుబారుతుంది. పచ్చి మాంసానికి వేరు పలక ఉంచాలి, లేదా కూరగాయలు ముట్టుకొనే ముందు పలకను, కత్తిని సబ్బుతో కడగాలి. వాడిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. కర్బన ఉక్కు కత్తికి వంట నూనె చుక్క రాసి ఉంచితే వానాకాలంలోనూ తుప్పు పట్టదు. గిన్నెలతో కలిపి తొట్టిలో నానబెట్టరాదు. అంచు పాడవుతుంది, తోమేవారి చేయి తెగుతుంది.

కత్తి చేయి జారి పడుతుంటే పట్టుకోబోకూడదు, వెనుకకు జరగాలి. వేలు తెగితే శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీ పొడి నింపితే గాయం శుభ్రపడదు. గాయం లోతుగా ఉన్నా, రక్తం ఆగకున్నా, వేలు వంగకున్నా వెంటనే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నదీ అక్కడ చెప్పాలి.

క్లుప్తంగా చెప్పుకోవాలంటే, ఒక కూరగాయల కత్తి, ఒక చిన్న చాకు, మాంసాహారుల ఇంట ఒక బరువైన కత్తి, వీటికి తోడు ఒక సానరాయి, ఒక చెక్క పలక. ఇంతకు మించి పల్లె వంటింటికి అవసరం లేదు. సంతకు వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం, ఒక పాత కాగితం ఉంటే దుకాణదారు మాటను అక్కడికక్కడే పరీక్షించుకోవచ్చు.