అరుగు మీది పోస్టాఫీసు

పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరు ఉద్యోగానికి మన తపాలా శాఖ చాలాకాలంపాటు పెట్టిన షరతుల్లో రెండు విచిత్రమైనవి ఉన్నాయి. ఒకటి, ఆ మనిషికి ఈ ఉద్యోగం గాక బతకడానికి వేరే ఆధారం ఉండాలి. రెండు, ఆఫీసుకు చోటు అతనే చూపించాలి. అంటే, జీతం మీద బతకాల్సిన అవసరం లేనివాడికే ఆ జీతం, ఇల్లున్నవాడి ఇంట్లోనే ఆ ఆఫీసు. ఇది శాఖవారి పిసినారితనం అనవచ్చు, కొంత నిజమే కూడా. కానీ ఆ షరతుల్లో నూట డెబ్భై ఏళ్ల చరిత్ర దాగి ఉంది. పల్లె పోస్టాఫీసు ఏనాడూ తన కాళ్ల మీద తాను నిలబడలేదు. ఎవరి కొట్టునో, ఎవరి బడినో, ఎవరి అరుగునో ఆనుకుని బతికింది. ఆసరా ఇచ్చినవాళ్ల ఖర్చు ఏ చిట్టాకూ ఎక్కలేదు. పోస్టాఫీసు ఉంచాలా, ఎత్తేయాలా అన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ తిరగేసేది ఆ చిట్టానే. అందుకే మన తీర్పులన్నీ సగం లెక్కతో చెప్పిన తీర్పులని నా అభిప్రాయం.

1854లో కొత్త తపాలా చట్టం వచ్చి, దూరంతో నిమిత్తం లేకుండా అర్ధణా బిళ్ల అంటిస్తే ఉత్తరం దేశంలో ఎక్కడికైనా పోయే ఏర్పాటు జరిగింది. పట్నాల సంగతి సరే, పల్లెకు చేరడమెలా అన్నది అప్పుడే తేలలేదు. బెంగాల్ వైపు టపా మోయించే భారం జమీందార్ల నెత్తిన ఉండేది. జిల్లాల్లో విడిగా నడిచిన ఆ పాత టపా 1906లో గానీ సర్కారు పోస్టులో పూర్తిగా కలవలేదు. నిజాం ఇలాకాలో 1869 నుంచి సొంత స్టాంపులు, సొంత టపా. అది భారత తపాలాలో కలిసేసరికి 1950 వచ్చింది. ఏలినవారు వేరైనా పల్లెలో తేలిన ఉపాయం ఒకటే: ఊళ్లో ఇప్పటికే రాయడం, లెక్క కట్టడం వచ్చినవాడి చేతిలో సంచీ పెట్టడం. అలాంటివాడు బడిపంతులో, కొట్టు పెట్టుకున్న కోమటో, పెన్షను పుచ్చుకునే పాత ఉద్యోగో, కాస్త భూమి ఉన్న రైతో అయ్యుండేవాడు. శాఖ అతన్ని తన మనిషిగా ఎంచలేదు. రికార్డుల్లో అతని పేరు ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు’, అంటే శాఖకు అవతలివాడు. 2001లో ఆ పేరు గ్రామీణ డాక్ సేవక్‌గా మారింది. అవతలివాడు సేవకుడయ్యాడన్నమాట, ఉద్యోగి మాత్రం కాలేదు.

ఇక ఆ అరుగు మీద జరిగిన పని ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. 1880లో పోస్టాఫీసులు మనియార్డర్లు మొదలుపెట్టాయి. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసినవాళ్ల సంపాదన అమ్మకో ఆలికో చేరాలంటే అదే దారి. సంచీ వస్తుంది. పోస్టుమాస్టరు లక్క సీలు సరిగా ఉందో లేదో చూసి పురికొస కోస్తాడు. ఫారాలు, ఉత్తరాలు ఒక్కొక్కటే తీసి తేదీ ముద్ర కొడతాడు. మనియార్డరు అందుకునే ముసలమ్మకు సంతకం రాదు. వేలిముద్ర వేయించాలి, దానికి ఊళ్లో నమ్మకమున్న ఒక మనిషి సాక్షి సంతకం పెట్టాలి. ఫారం అడుగున చిన్న కూపన్ ముక్క, అందులో కొడుకు రాయించిన రెండు ముక్కలు. అది చదివి చెప్పేవాడు ఇంకొకడు. మరునాడు జవాబు కార్డు రాసిపెట్టేవాడు, చాలాసార్లు ఆ పంతులే. ఇందులో శాఖ డబ్బిచ్చి చేయించుకున్న పని ముద్ర కొట్టడం, పద్దు రాయడం వరకే. గుర్తుపట్టడం, సాక్ష్యం, చదవడం, రాయడం అన్నీ ఊరు ఊరికే చేసిపెట్టింది. 1877లో వచ్చిన వీపీపీ పద్ధతిలో మందులు, పంచాంగాలు, పుస్తకాలు ఇంటికొచ్చాక డబ్బు కట్టి తీసుకున్నారు. 1908లో బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక వారపత్రిక తెలుగు పల్లెకు చేరిందీ ఈ సంచీలోనే. కొట్టు అరుగు మీద సంచీ విప్పే వేళకు జనం పోగవడం, పోగైనవాళ్లు ఉప్పో పొగాకో కొనుక్కుపోవడం కొట్టువాడికి లాభమే. ఆసరా ఒకవైపే సాగలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ‘అది సరే, పల్లె పోస్టాఫీసంటే నష్టం. నష్టాన్ని ఎంతకాలం మోస్తారు?’ నష్టమన్న మాటలో అబద్ధం లేదు. శాఖే దాన్ని దాచలేదు. కొత్త బ్రాంచి తెరవడానికి పెట్టుకున్న కొలతల ప్రకారం మామూలు ప్రాంతాల్లో మూడు వేల జనాభా ఉండాలి, దగ్గరి పోస్టాఫీసు మూడు కిలోమీటర్ల అవతల ఉండాలి, రాబడి ఖర్చులో మూడో వంతు ఉంటే చాలు. కొండ ప్రాంతాల్లో, ఏజెన్సీలో నూటికి పదిహేను వంతులు వచ్చినా సరేనన్నారు. 1947లో దేశంలో ఉన్న పోస్టాఫీసులు 23,344. ఇప్పుడవి లక్షా అరవై వేలు దాటాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. తెలిసి తెలిసి నష్టానికి ఇన్ని వేల గుమ్మాలు తెరిచారంటే ఆ నష్టం ఎవరో ఒకరు భరించేంత చిన్నది కాబట్టే. చిన్నదిగా ఎందుకుందంటే అద్దె లేదు, పూర్తి జీతం లేదు, వేరే భవనం లేదు. ఊళ్లోని ఒక ఇంటి గది, ఆ ఇంటివాడి నాలుగైదు గంటలు ఆ ఖర్చును బాగా కుదించాయి. శాఖ చిట్టాలో కనబడేది ఊరు తన వంతు భరించాక మిగిలిన నష్టం.

రెండో అభ్యంతరం ఇంకా చురుకైనది. చేతిలో ఫోను ఉన్నవాడికి కార్డు ముక్క ఎందుకు? తంతి 2013లో పోయింది, పోస్టాఫీసూ ఆ దారినే పోతుంది అంటారు. ఉత్తరం తగ్గిన మాట ఎవరూ కాదనరు. కానీ పల్లె పోస్టాఫీసును ఉత్తరాలు పోషించిన కాలం ఎప్పుడుందని? 1882లో పొదుపు ఖాతాలు వచ్చినప్పటి నుంచీ దాని బతుకు డబ్బుతోనే ముడిపడింది. ఉపాధి హామీ పథకం వచ్చిన కొత్తలో ఆంధ్రప్రదేశ్‌లో కూలి డబ్బులు పోస్టాఫీసు ఖాతాల ద్వారా చెల్లించాలని పెట్టినప్పుడు, పని చేయించేవాడి చేతిలోంచి డబ్బు పంచే అధికారం తప్పించడానికి దొరికిన గుమ్మం ఇదే. ఆలస్యాలు జరిగాయి, కొన్నిచోట్ల చేతివాటమూ జరిగింది. అయినా అంత వేగంగా అన్ని ఊళ్లలో తెరవగల బ్యాంకు ఆనాడు మరొకటి లేదు. పని మారితే ఆఫీసు చావదు. ఆనుకున్న గోడ కూలితే చస్తుంది.

గోడ కూలడమంటే ఏమిటో ఇంగ్లండు చరిత్రలో బాగా కనబడుతుంది. అక్కడి పల్లె పోస్టాఫీసు చాలాచోట్ల కిరాణా కొట్టులో ఒక మూల కౌంటరు. దాన్ని నడిపే సబ్‌పోస్టుమాస్టరు కాంట్రాక్టు మనిషి, కొట్టు అతని సొంతం. 1909 జనవరి 1న డెబ్భై దాటినవారికి వారానికి అయిదు షిల్లింగుల వరకూ వృద్ధాప్య పింఛను మొదలైతే ఆ కౌంటర్ల దగ్గరే పంచారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు టీపొడి, పంచదార కొనుక్కుపోయేవారు. 2003 నుంచి పింఛన్లు నేరుగా బ్యాంకు ఖాతాలకు మళ్లాయి. కౌంటరు రాబడి పడింది, వెంట కొట్టు బేరమూ పడింది. 2007 నుంచి 2009 లోపు దాదాపు రెండున్నర వేల పోస్టాఫీసులు మూశారు. అప్పటికే కొన్ని ఊళ్లు వేరే దారి పట్టి ఉన్నాయి, ఈ దెబ్బతో మరికొన్ని పట్టాయి. ఊరివాళ్లు చిన్న చిన్న వాటాలు వేసుకుని సంఘం రిజిస్టరు చేసి, మూతపడే కొట్టును కొన్నారు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. చాలాచోట్ల జీతానికి ఒక మేనేజరు, గల్లా దగ్గర వంతులవారీగా ఊరివాళ్లు, పాత మూలలో పోస్టు కౌంటరు. ఐర్లండులో రైతు సహకార సంఘాలు కట్టించిన హొరేస్ ప్లంకెట్ 1919లో పెట్టిన సంస్థ ఈనాటికీ ఇలాంటి కొట్లకు సలహాలిస్తోంది. అలాంటి కొట్లు మూడు వందలు దాటాయి. వ్యక్తి అలిసిపోతే కొట్టు మూతపడుతుంది. సంఘంలో ఒకరు అలిసిపోతే ఇంకొకరు గల్లా ముందు కూర్చుంటారు. ఒంటరి మనిషి నెత్తిన బరువు పెట్టడమంటే ఏమిటో అక్కడి పోస్టాఫీసుల్లో పెట్టిన హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల ఉదంతం చెబుతుంది. కంప్యూటరు తప్పుడు లెక్క చూపితే ఆ లోటు తన చేతి నుంచి కట్టాల్సినవాడు సబ్‌పోస్టుమాస్టరే. అలా తొమ్మిది వందల మందికి పైగా దోషులన్న ముద్ర పడింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ చట్టం చేసేసరికి 2024 వచ్చింది.

మరి మనకు సంఘాలు లేవా అంటే, ఉన్నాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అదే ఏడు మద్రాసు తిరువళ్లిక్కేణిలో వినియోగదారుల సహకార భాండారం మొదలైంది. ఇంగ్లండులో రాచ్‌డేల్ నేతగాళ్లు 1844లో ఇరవై ఎనిమిది మంది ఇరవై ఎనిమిది పౌన్లతో పెట్టిన కొట్టే దానికి ఒరవడి. అప్పులతో పాటు సరుకుల సంఘాలకూ 1912 చట్టం దారి ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రేషను పంచడానికి సహకార దుకాణాలు పెరిగాయి. ‘కంట్రోలు’ అన్న మాట తెలుగులో స్థిరపడింది అప్పుడే. ఏ పల్లెలోనైనా సొసైటీ గోదాము, పోస్టుమాస్టరు అరుగు కేకేస్తే వినబడేంత దూరంలో ఉండేవి. అయినా ఆ రెండూ కలవలేదు. నాకు తోచే కారణం ఒకటే. రెండూ పైనుంచి దిగినవి. సొసైటీకి రిజిస్ట్రారు దిక్కు, పోస్టాఫీసుకు ఢిల్లీ దిక్కు. పక్కపక్కనే ఉన్నా ఇద్దరూ తలెత్తి పైకే చూశారు. ‘సొసైటీలంటే ఎగవేతలు, పార్టీల పంచాయతీ, వాటి చేతిలో పోస్టాఫీసు పెడతారా?’ అనే అభ్యంతరం ఇక్కడ న్యాయంగానే వస్తుంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం కింద పాలకవర్గాలను పక్కనపెట్టి ప్రభుత్వాలు తమ మనుషుల్ని కూర్చోబెట్టిన సందర్భాలు కోకొల్లలు. కానీ అది సంఘం గుణమా, పెత్తనం గుణమా? 1956లో కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సొసైటీ అదే దేశంలో, అలాంటి చట్టాల కిందే నిలదొక్కుకుని పెరిగింది. సర్కారు వాటాధనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తలుపు తీసింది. పొదుపు సంఘాల మహిళలు ఆ తలుపులోంచి వేలాదిగా నడిచారు. తపాలా వైపు మాత్రం ఎవరూ నడవలేదు.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సర్కారు పని ఊరివాళ్లు ఎందుకు చేయాలి, ఊరి మంచితనాన్ని చూపి శాఖ జీతాలు ఎగ్గొట్టదా అని అడిగితే, ఎగ్గొడుతుంది, ఇంతవరకూ చేసిందీ అదే. ఈ అవతలివాళ్లు ప్రభుత్వ సివిల్ పదవుల్లో ఉన్నవాళ్లేనని సుప్రీంకోర్టు 1977లో పి.కె. రాజమ్మ కేసులో చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కమిటీల మీద కమిటీలు కూర్చున్నాయి, పేరు మారింది, భత్యం కాస్త పెరిగింది. అయితే ఆసరా ఇప్పుడు కొత్తగా అడుగుతున్నది కాదు. ఊరు దాన్ని ఎప్పటి నుంచో ఇస్తోంది, ఒక్క ఇంటి పేరు మీద, అడిగే నోరు లేకుండా. వాటాలున్న సంఘమైతే గదికి అద్దె అడుగుతుంది, సాక్షికి కూలి అడుగుతుంది, మూసేస్తామంటే లెక్క చూపమంటుంది. ఇంటివాడు అడగలేడు. అరవై అయిదేళ్లు నిండి అతను దిగిపోతే, కొత్తగా వచ్చినవాళ్లు చోటు చూపించాలి గనక ఆఫీసు చాలాసార్లు మరో వీధికి, మరో ఇంటికి మారుతుంది. సంచీ, ముద్ర, త్రాసు వెంట వెళతాయి. ఎర్ర డబ్బా కొత్త గోడకెక్కుతుంది. పాత గోడ మీద డబ్బా ఆనిన మేర సున్నం తెల్లగా, నలుచదరంగా మిగులుతుంది. ఆ గదికి ఎన్నేళ్ల అద్దె రావాలో రాసిన పుస్తకం ఏ ఆఫీసులోనూ లేదు.